ఎనిమిదో సాలు తర్వాత

"మణీ! ఓ మణీ! మోటర్ బంద్ చెయ్యే! ఇంద్రావతి మొత్తం నా నెత్తి మీదనే పడుతున్నది, మోటర్ బంద్ చెయ్యే!"

అరుస్తున్నది మా బాపు, అదే మా నాన్న. మా కూరగాయల తోటలో పైపు జాయింటు ఊడిపోయి, నీళ్ళు ఏనుగు తొండంతో చిమ్మినట్టు ఆయన మీద పడుతున్నాయి. పక్క కుర్చీలో మా ట్రైనింగ్ సార్. పొద్దున ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. ఇప్పుడు ఆ చొక్కాని పిండితే ఒక సాలు వంకాయలకు తడి పెట్టొచ్చు.

మరి నేనేం చేస్తున్నానంటారా? మోటర్ స్విచ్చు నాకు చెయ్యి చాపితే అందుతుంది. నేను చాపలేదు. లాప్‌టాప్ ముందు చతికిలబడి, ప్రోగ్రాంలో తప్పెక్కడుందో మొదటి లైను నుంచి చదువుకుంటున్నాను! నిజం. పెదాలు కదుపుతూ మరీ చదువుతున్నాను.

చివరికి మోటర్ ఆపింది మా వదిన. ఆపి, నా పక్కకొచ్చి నిలబడి, "చదువు మణీ, మంచిగ చదువు. పరీక్ష అయినంక మామను తీగె మీద ఎండేద్దాం" అంది.

నేను ఇంజనీరమ్మను కావాల్సిన రోజు ఇట్లా గడిచింది. అసలేం జరిగిందో మొదట్నుంచి చెప్తాను. నవ్వొస్తే ఆపుకోకండి. మా ఊళ్ళో ఎవరూ ఆపుకోలేదు.

మాది భోపాల్‌పట్నం పక్కన చిన్న ఊరు. నేను పదో తరగతి దాకా చదివాను, అదీ హిందీలో. తెలుగు చదవడం నేర్పింది మా వదిన. ఆమెది సరిహద్దు అవతల, తెలంగాణ. పెళ్ళయి వచ్చినప్పుడు పెట్టె నిండా పాత వారపత్రికలు తెచ్చుకుంది. అన్నీ సీరియళ్ళే! నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అన్నీ చదివేశాను. ఆ సీరియళ్ళలో హీరో ఎప్పుడూ హీరోయిన్‌ని "గారూ" అని పిలుస్తాడు. అది చదివినప్పుడల్లా నేను పుస్తకం మూసి కాసేపు చూరు వంక చూసేదాన్ని. మా ఊళ్ళో పుట్టినప్పట్నుంచీ నన్నెవరూ గారూ అనలేదు. "ఏయ్ పిల్లా", "ఓ మణీ", కోపమొస్తే "ఓసేయ్". అంతే నా భాగ్యం.

బస్టాండు వెనక రెండు గదుల్లో ఎలక్ట్రానిక్స్ ట్రైనింగ్ పెట్టారు. నేను దాంట్లో చేరింది కుట్టు మిషన్ బ్యాచ్ నిండిపోయిందని. అరచేతిలో పట్టేంత నీలం బోర్డు ఒకటి చేతికిచ్చారు. లాప్‌టాప్‌లో మనం ఏది రాస్తే ఆ బోర్డు అది చేస్తుందట. లైటు వెలగమంటే వెలుగుతుంది, మోటర్ తిరగమంటే తిరుగుతుంది. నాది వెలగనూ లేదు, తిరగనూ లేదు. రేపట్నుంచి మానేద్దాం అనుకుంటుండగా పక్క నుంచి ఒక గొంతు వినపడింది.

"మణి గారూ, మీ వైరు ఊడిపోయిందండీ."

వైరు ఊడితే ఊడింది! గారూ! అండీ! ఒకే ముక్కలో రెండూ!

అతని పేరు కిరణ్. బచేలి టౌన్‌షిప్పులో పెరిగాడు. తాతలది రాజమండ్రి వైపు, వాళ్ళ నాన్న గనిలో డంపర్ నడుపుతాడు. వాళ్ళమ్మ నర్సు, ఆమెకు ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయితే తోడుగా వచ్చాడు. మాట్లాడితే ప్రతి మాటకీ చివర అండీ తగిలిస్తాడు. కుక్కని అదిలించినా "పోవేమండీ" అంటాడేమో అనిపిస్తుంది.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "గారు అన్నది నిన్నా, వైరునా?" అని అడిగింది.

నేను క్లాసు మానేయలేదు.

సార్‌ది రాయ్‌పూర్ వైపు. తెలుగు ముక్క రాదు, క్లాసంతా హిందీలోనే. ఒకరోజు గోడ మీది బోర్డుపై పక్కపక్కనే ఎనిమిది డబ్బాలు గీశారు. "మెషీను లోపల నంబరు ఇట్లా ఎనిమిది గదుల్లో కూర్చుంటుంది. గదిలో దీపముంటే ఒకటి, లేకపోతే సున్నా. లెఫ్ట్ షిఫ్ట్ అన్నామంటే దీపాలన్నీ ఒక్కో గది ఎడమకి జరుగుతాయి" అన్నారు. దానికి గుర్తు, ఎడమ వైపు తెరుచుకున్న రెండు కాకి నోళ్ళలాగా ఉంటుంది. ఇక్కడి దాకా శ్రద్ధగా విన్నాను. సరిగ్గా అప్పుడే కిరణ్ పెన్ను మూత పంటి కింద పెట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఆ తర్వాత సార్ ఏం చెప్పారో దేవుడికి తెలియాలి.

"సమఝ్ మే ఆయా?"

"ఆయా సార్!" అర్థమైందని అందరికంటే ముందు అరిచింది నేనే.

క్లాసు అయ్యాక కిరణ్ అడిగాడు. "ఆ షిఫ్టు మీకు అర్థమైందాండీ?"

తెలియదని ఎట్లా చెప్పను! నోటికి వచ్చింది చెప్పేశాను. "మా బోరింగు కాడ బిందెల లైను లెక్కండీ."

మా ఊళ్ళో పొద్దున్నే బోరింగు దగ్గర బిందెలు వరసగా పెడతారు. ముందున్నది నిండగానే వెనకవాళ్ళంతా తమ బిందెని కాలితో ఒక్క జరుపు ముందుకు జరుపుతారు. నిండిన దాన్ని ఇంట్లో గుమ్మరించి, ఖాళీ బిందె తెచ్చి మళ్ళీ వరస చివర పెడతారు. ఒకవేళ బిందె గల మనిషి పిల్లాడికి పాలివ్వడానికో, పొయ్యి చూడ్డానికో వెళ్ళిందనుకోండి, పక్కావిడే నింపి, మోసుకెళ్ళి గుమ్మరించి, ఖాళీది తెచ్చి చివర పెట్టేస్తుంది. వరసలోకి వచ్చిన బిందె వరసలోంచి పోవడమనేది మా ఊళ్ళో లేదు. బోరింగు కాడ ఎంత తిట్టుకున్నా సరే, ఆ పద్ధతి మాత్రం తప్పరు.

ఇదంతా చెప్పాను. కిరణ్ కళ్ళు పెద్దవి చేసి విన్నాడు.

"భలే చెప్పారండీ మణి గారూ! సార్ కంటే మీరే బాగా చెప్పారు."

ఇగో, ఈ ఒక్క మాటతో నేను చెడిపోయాను.

కోర్సు చివర సార్ జంటలు కట్టారు. ఒక్కో జంట ఇంటి దగ్గర పనికొచ్చే వస్తువు ఒకటి చెయ్యాలి. సార్ వచ్చి చూస్తారు. అది పనిచేస్తే ఆ జంటకి జగదల్‌పూర్‌లో పెద్ద కోర్సు, లేకపోతే ఇక్కడితో సరి. నన్ను ఎవరితో వేశారో మీరు ఊహించే ఉంటారు. ఆ మధ్యాహ్నం నేను ఇంటికి నడిచి రాలేదు. కాళ్ళు నేలకి తగిలినట్టు జ్ఞాపకమే లేదు.

అప్పట్నుంచి కళ్ళు మూసినా తెరిచినా జగదల్‌పూర్ బస్సే. కిటికీ పక్క సీటు నాది, దాని పక్కది కిరణ్‌ది. గీదంలో బస్సు ఆగుతుంది. అతను దిగి వేడి వేడి వడలు కాగితంలో పొట్లం కట్టించుకుని వస్తాడు. "మణి గారూ, ఒకటి తినండీ." నేను వద్దంటాను. అతను ఇంకోసారి అడగాలి కదా, అందుకు.

"ఏందే, కూర మాడుతున్నది" అంది వదిన. "బస్సు ఏడిదాక పోయింది?"

"గీదం" అన్నాను నేను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

బాపు ఒప్పుకోవడం ఇంకో పెద్ద కథ. చివరికి తోటగట్టు మీద కూర్చుని తీర్పు చెప్పాడు. "తోటకు నీళ్ళు దానంతటదే పారాలె. నేను సాలు సాలుకు తిరిగి పైపులు మార్చొద్దు. గట్ల చేస్తే జగదల్‌పూర్ పో. లేకుంటే నాతోనే మిరప తోటల ఉండు." అంటే అసలు పరీక్ష బాపుదే.

మా తోటలో ఎనిమిది సాళ్ళు. వంగతో మొదలై కొత్తిమీరతో అయిపోతాయి. మోటర్ చిన్నది, ఒకేసారి ఒక్క సాలుకే నీళ్ళు సరిపోతాయి. అందుకని సాలుకొక వాల్వు పెట్టి, బోర్డు వాటిని ఒకదాని తర్వాత ఒకటి తెరిచేలా చెయ్యాలి. ఎనిమిది గదులు, ఎనిమిది సాళ్ళు! దీపం ఏ గదిలో ఉంటే ఆ సాలుకి నీళ్ళు. దీపాన్ని ఎడమకి జరిపితే నీళ్ళు పక్క సాలుకి. ఇది కిరణ్ ఆలోచన. నాది మెచ్చుకోవడం.

పాత వాషింగ్ మెషీన్లలోంచి తీసిన వాల్వులు బచేలి నుంచి సంచిలో వేసుకుని, కిరణ్ మొదటిసారి మా తోటకి వచ్చాడు. బాపుని చూడగానే రెండు చేతులూ జోడించి, "నమస్కారం బాబాయ్ గారూ" అన్నాడు.

బాబాయా! నా గుండె జారి కొత్తిమీర మడిలో పడింది. బాపు బాబాయి అయితే నేనేమవుతాను? చెల్లెలు! అన్నిటికీ చక్కటి మర్యాదలు నేర్చుకున్న మనిషి ఇక్కడికొచ్చి ఇంత పని చేస్తాడా!

వదిన నా ముఖం చూసింది. కొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు, "మా దిక్కు పెద్దోళ్ళను బాబాయ్ అనరయ్యా. తప్పు పడతరు. మామ అంటరు" అంది.

"అయ్యో, తెలీదండీ" అని కిరణ్ గాభరా పడిపోయి, వెంటనే బాపు వైపు తిరిగి, "క్షమించండి మామయ్య గారూ" అన్నాడు.

బాపు ఒకసారి అతన్ని, ఒకసారి నన్ను, ఒకసారి సంచిలోని వాల్వులని చూసి, "గడ్డపార పాకల ఉన్నది, తెచ్చుకో" అన్నాడు.

పైపులు వేశాం. సొల్యూషన్ పూసి జాయింట్లు అతికించాం. పాకలో స్టూలు మీద లాప్‌టాప్, పక్కన నీలం బోర్డు, దానికి టక్కుమని చప్పుడు చేసే డబ్బా. ఒక టక్కుకి ఒక వాల్వు. ప్రోగ్రాం రాసింది నేను. నేనే రాస్తానని పట్టుబట్టాను, ఎందుకంటే నేను రాస్తుంటే కిరణ్ పక్కన కూర్చుని చూస్తాడు.

మొదటిసారి నడిపితే ఎనిమిది వాల్వులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఏ సాలుకీ నీళ్ళు సరిగా రాలేదు. ముసలోడి ముక్కు కారినట్టు కారాయి.

కిరణ్ వంగి లాప్‌టాప్‌లోకి చూశాడు. "ఇక్కడ రెండు పెట్టారేంటండీ?"

అతను వేలు పెట్టింది 'అండ్' గుర్తు (&) మీద, అది అచ్చం జిలేబీలా ఉంటుంది. సార్ క్లాసులో ఒక జిలేబీ వేరు, రెండు జిలేబీలు వేరు అని చెప్పారు. ఏది ఎందుకో నాకు గుర్తు లేదు. రెండు దొరుకుతుంటే ఒక్కటి ఎందుకు పెట్టాలి? రెండు ముడులు వేస్తే తాడు గట్టిగా ఉంటుంది కదా, అట్లాగే అనుకుని అన్నిచోట్లా రెండేసి వడ్డించాను.

"గట్టిగుంటదని అండీ" అన్నాను.

అతను నవ్వలేదు. అదే అతని గొప్పతనం. "ఒకటే పెడితే బోర్డు మనం చెప్పిన గది దాకా వెళ్ళి, అందులో దీపముందా లేదా అని చూసొస్తుందండీ. రెండు పెడితే గడప దగ్గరే నిలబడి, 'ఇంట్లో ఎవరైనా ఉన్నారా' అని ఒక కేకేస్తుంది. ఏ గదిలో ఎవరున్నా సరే, ఉన్నారని వచ్చేస్తుంది. మనం ఎనిమిది సాళ్ళకీ అడిగాం, ఎనిమిదిసార్లూ ఉన్నారంది. అందుకని అన్నీ తెరిచేసిందండీ."

ఇది నాకు నిజంగా అర్థమైంది. మా ఊరి సర్వేలు కూడా ఇట్లాగే చేసిపోతారు కాబట్టి. అన్నిచోట్లా ఒక్కో జిలేబీ తీసేశాను. మళ్ళీ నడిపితే టక్, వంగ. టక్, బెండ. టక్, టమాట. నీళ్ళు ఒక సాలులోంచి ఇంకో సాలులోకి ఎవరో చెయ్యి పట్టి తీసుకెళ్ళినట్టు వెళ్ళాయి. బాపు గట్టు మీద నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఐదో సాలు సగం తడిసిందో లేదో, కరెంటు పోయింది. మా దగ్గర అది రోజూ వచ్చి పోయే చుట్టమే.

కరెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు కిరణ్ అడిగాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, అంతా ఇక్కడే ఉంది.

"మణి గారూ, ఎనిమిదో సాలు అయ్యాక ఏమవుద్దండీ?"

"మళ్ళ మొదటి సాలుకు వస్తదండీ."

"దానంతటదే వచ్చేస్తుందంటారా?"

"వస్తదండీ. బిందె ఏడికి పోతది?"

అతను లాప్‌టాప్ వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "మీరు చెప్తే అంతేనండీ" అన్నాడు. నాకు ఇంద్రావతి పాట పాడినట్టు వినపడింది. కరెంటు ఆ పూట రాలేదు. రానందుకు నేనేమీ బాధపడలేదు.

మళ్ళీ నడిపి చూసే తీరిక దొరక్కముందే, సార్ వచ్చే రోజు రానే వచ్చింది. బాపు కొత్త తువ్వాల కట్టాడు. వదిన కొత్తిమీర సాలు చివర, నీడ చూసి, కుర్చీ వేసి దుప్పటి పరిచింది. సార్ కూర్చున్నారు. పెద్ద పైపు జాయింటు సరిగ్గా ఆ కుర్చీ పక్కనే ఉందని మాకెవరికీ తట్టలేదు. బాపు ఆ జాయింటు దగ్గరే గొంతుక్కూర్చుని, కాపలా ఉన్నట్టు దాని మీద చెయ్యి వేశాడు.

నేను కాటుక పెట్టుకున్నాను. వదిన చూసి, "బోర్డుకు సుత పెట్టు, దిష్టి తగులతది" అంది.

కిరణ్ మోటర్ వేశాడు. నేను బోర్డు మీట నొక్కాను. టక్. వంగ. సార్ తలూపారు. టక్. బెండ. మళ్ళీ తలూపారు. నాకు గీదం వడల వాసన వచ్చేస్తోంది. ఆరు, ఏడు. టక్. కొత్తిమీర. ఎనిమిదో సాలు చివర దాకా తడిసింది.

టక్.

కొత్తిమీర వాల్వు మూసుకుంది. ఇప్పుడు వంగది తెరుచుకోవాలి. నేను వంగ సాలు వైపు చెయ్యి చాపి, సార్‌తో, "అభీ పహ్‌లా వాలా ఆయేగా సార్" మొదటిది వస్తుందని చెప్పాను, ఇంట్లోంచి పెళ్ళికూతురిని పిలిచినట్టు.

రాలేదు.

ఎనిమిది వాల్వులూ మూసుకుని ఉన్నాయి. మోటర్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. గుయ్‌మని మూలుగుతోంది. పైపు బిగుసుకుపోయి చిన్నగా వణికింది. "ఏందే, ఇది పాము లెక్క కొట్టుకుంటున్నది" అన్నాడు బాపు, చెయ్యి తీయకుండా. నేను వంగ వైపు చూస్తూనే ఉన్నాను. వస్తుంది! బిందె ఎక్కడికి పోతుంది!

ఫట్!

ఆ తర్వాతది మీకు చెప్పేశాను. బాపు, ఇంద్రావతి, చొక్కా.

వదిన మోటర్ ఆపింది. సార్ లేచి, మీసాల మీద నీళ్ళు తుడుచుకుంటూ పాకలోకి వచ్చారు. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చదివారు. చదివి, తోటలోకి వెళ్ళి, ఒక పండు మిరపకాయ, కొన్ని పచ్చి మిరపకాయలు కోసుకొచ్చి, పాక ముందున్న మంచం మీద అంచు వరకు ఎనిమిదింటిని వరసగా పెట్టారు. అన్నిటికంటే కుడివైపున పండుది.

"ఇది మీ దీపం. లెఫ్ట్ షిఫ్ట్."

అన్నిటినీ ఒక్క జరుపు ఎడమకి జరిపారు. అంచున ఉన్న పచ్చిది కింద పడింది. కుడివైపు ఖాళీ అయిన చోట ఇంకో పచ్చిది పెట్టారు. మళ్ళీ జరిపారు. పండు మిరపకాయ నెమ్మదిగా మంచం అంచు దాకా వచ్చింది. మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, అదేదో తాడు మీద నడిచే పిల్ల అయినట్టు. ఇంకొక్క జరుపు జరిపారు.

పండు మిరపకాయ టప్పున కింద మట్టిలో పడింది. మంచం మీద ఎనిమిదీ పచ్చివే.

"ఇప్పుడు దీపం ఏ గదిలో ఉంది?" అన్నారు సార్.

"కింద పడ్డది సార్."

"ఎవరు తెచ్చి పెడతారు?"

నా నోట్లోంచి చిన్నగా, "పక్కింటామె" అని వచ్చింది.

మెషీనులో పక్కింటామె ఉండదట! అంచు దాటి పడిపోయింది పడిపోయినట్టేనట. గదులన్నీ సున్నాలైతే మనమే చూసుకుని, మొదటి గదిలో మళ్ళీ ఒక దీపం పెట్టాలట. నాకు ఆ మిరపకాయని చూస్తే ఏడుపొచ్చింది. ఇంత మందిలో ఒక్కరూ తీసి పెట్టరా! ఏం ఊరు అది!

సార్ ఒక్క లైను రాయించారు. అన్నీ సున్నాలైతే మళ్ళీ ఒకటి పెట్టు, అంతే. బాపు జాయింటుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. మళ్ళీ నడిపాం. కొత్తిమీర అయ్యాక, టక్, వంగ! బాపు తడి బట్టల్లోనే చప్పట్లు కొట్టాడు. "పారింది బిడ్డా! దానంతటదే పారింది! ఇగ నువ్వు పో జగదల్‌పూర్!"

కానీ సార్ ముఖంలో నవ్వు లేదు. "ఇది నడిపించింది నేను. మీరు కాదు" అన్నారు. "తప్పు ఎవరిది?"

నేను నోరు తెరిచే లోపే కిరణ్ ముందుకొచ్చాడు. "గల్తీ మేరీ హై సార్. రాసింది ఆవిడే గానీ చూసి సరిచెయ్యాల్సింది నేను. పైపుల పనంతా ఆవిడదే. ఆవిణ్ణి తీసుకెళ్ళండి."

సార్ ఒక్క క్షణం ఆలోచించి, "సరే. అయితే మణి వస్తుంది, నువ్వు ఇక్కడే ఆగు" అన్నారు.

ఏమిటీ! నా బస్సు కళ్ళ ముందుకొచ్చింది. కిటికీ పక్క సీటులో నేను. పక్క సీటులో ఎవరో పెద్దాయన కోడిపుంజుతో సహా. గీదంలో బస్సు ఆగింది. వడలు ఎవరూ తేలేదు. ఇంక ఆ జగదల్‌పూర్ నాకెందుకు? షిఫ్టు నేర్చుకోవడానికా?

"నహీ సార్!" అన్నాను. "అతను నన్ను అడిగాడు సార్. ఎనిమిది తర్వాత ఏమవుతుందని అడిగాడు. నేనే తెలుసన్నాను. మొదటికి వస్తుందని నేనే చెప్పాను." ఇదంతా హిందీలోనే.

"మరి తెలియనప్పుడు తెలియదనాలి కదా? అంటే ఏం పోయేది?"

ఏం పోయేదట! నాకు నాలుగు భాషలొచ్చు. సంతకి వెళ్ళే ప్రతి మనిషికీ ఇక్కడ వస్తాయి. అప్పుడు ఆ నాలుగింటినీ గబగబా వెతికాను. హిందీలో చెప్పానా, అక్కడున్న అందరికీ తెలుస్తుంది. గోండీలోనో దొర్లీలోనో చెప్పానా, బాపుకీ వదినకీ తెలుస్తుంది, తెలియాల్సిన మనిషికి మాత్రం తెలియదు. తెలుగైతే కనీసం సార్‌కి తెలియదు, ఒక్కరైనా తగ్గుతారు. ఇంత లెక్క వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అరిచేశాను.

"తెల్వదంటే ఆయన ఇంకెవరినో అడుగుతడు! నాకు షిఫ్టు తెల్వదు, మీ క్లాసుల ఒక్క ముక్క తెల్వదు! నేను వచ్చిందే కిరణ్ గారి కోసం!"

కళ్ళు తెరిచాను. జాయింటు నుంచి చుక్క చుక్క నీళ్ళు పడుతున్నాయి.

"క్యా బోలీ?" అని, నేనేమన్నానో అడిగారు సార్.

సార్ కిరణ్ వైపు చూశారు. కిరణ్ ఒక వంకాయని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. వదిన వైపు చూశారు. వదిన నోట్లో సగం కొంగు ఉంది, భుజాలు కదులుతున్నాయి. చివరికి బాపు వైపు చూశారు.

బాపు తువ్వాల విప్పి, పిండి, దులిపి, తన సంత హిందీలో మెల్లగా చెప్పాడు. "లడకే కే వాస్తే ఆతీ థీ బోల్తీ, సాబ్. హమ్ సోచా, మోటర్ కే వాస్తే."

పిల్లాడి కోసం వచ్చేదంట సాబ్, నేను మోటర్ కోసమనుకున్నా!

నేల చీలితే దూకేద్దామని చూశాను. ఎనిమిది సాళ్ళూ తడిసి మెత్తగానే ఉన్నాయి, కానీ ఒక్కటీ చీలలేదు. సార్ మొదట దగ్గారు. తర్వాత కుర్చీలో కూర్చున్నారు. తర్వాత ఆ తడి చొక్కా ఎగిరెగిరి పడేలా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఇద్దరూ రండి. కానీ అక్కడ ఈ అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుంటుంది, ఈ అబ్బాయి ఆఖరి బెంచీలో" అన్నారు.

నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు కిరణ్ వంకాయని వదిలేసి తలెత్తాడు. చెవులు రెండూ మంచం కింద పడిన ఆ పండు మిరపకాయ రంగులో ఉన్నాయి. హిందీ బాగా వచ్చిన మనిషి, ఆ క్షణంలో ఏ భాషలో మాట్లాడుతున్నాడో కూడా మరిచిపోయినట్టున్నాడు.

"ఆఖరి బెంచీ అయినా పర్లేదండీ. నేను ఆ ప్రోగ్రాం ఒక్క లైను కూడా చదవలేదండీ. ఆవిడ రాస్తున్నంతసేపూ ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నానండీ."

సార్ మళ్ళీ బాపు వైపు తిరిగారు. "ఇస్‌నే క్యా బోలా?"

బాపు తువ్వాల భుజాన వేసుకున్నాడు. పెద్దగా ఊపిరి వదిలాడు.

"యే భీ వహీచ్, సాబ్."

వీడిది కూడా అదే సాబ్!